నాన్నగారి వీలునామా మొదట అమ్మ కోసం

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. నాన్నగారు ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. ఇప్పుడు 71 ఏళ్లు. రామమూర్తినగర్‌లో ముప్పై–నలభై సైటులో ఆయన కట్టుకున్న ఇల్లు ఉంది. పై అంతస్తు అద్దెకిచ్చారు. బ్యాంకు డిపాజిట్లు, కొన్ని షేర్లు, ఒక బీమా పాలసీ ఉన్నాయి. ఊళ్లో తాతయ్య సొంతంగా కొన్న నాలుగెకరాల పొలం ఉంది. తాతయ్య 1987లో, నాయనమ్మ 1996లో పోయారు. నాన్నగారు ఒక్కరే కొడుకు. మేనత్తలిద్దరూ పెళ్లిళ్లయి అత్తవారిళ్లకు వెళ్లిపోయారు. అన్నయ్య అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. తమ్ముడు, మరదలు అమ్మానాన్నలతో ఉంటారు. నేను భర్తతో, చిన్న పాపతో ఇదే ఊళ్లో మరో పేటలో ఉంటాను. ఈమధ్య నాన్నగారికి స్వల్పంగా పక్షవాతం వచ్చింది. ఆలోచన తేటగానే ఉంది గాని కుడిచెయ్యి వణుకుతోంది. వీలునామా మాట ఎత్తితే “అన్నిటికీ మీ అమ్మనే నామినీగా పెట్టాను, ఇంకేం కావాలి” అంటారు. మామయ్యేమో ఇల్లు ఇప్పుడే తమ్ముడి పేర గిఫ్టుగా రాసేయమంటున్నారు. నేను నోరు తెరిస్తే మరదలి ముఖం మారిపోతోంది. తాతగారి పొలంలో నాకు హక్కుందా? నామినీ ఉంటే వీలునామా అవసరం లేదా? ఎలాగూ కోర్టుకు వెళ్లి, వీలునామా నిజమైనదేనని ధ్రువీకరించే ప్రొబేట్ తీసుకోవాలట, నిజమేనా? ఆశపోతు అనిపించుకోకుండా ఈ మాట ఇంట్లో ఎలా ఎత్తాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా,

పొలం గురించి అడిగారు, ఇంటి గురించి అడిగారు, తమ్ముడు, మరదలు, మామయ్య అందరి ప్రస్తావనా తెచ్చారు. అమ్మగారి గురించి మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇది మీ ఒక్కరి విషయం కాదు. వీలునామా అనగానే అందరి కళ్లూ పిల్లల వాటాల మీదికే పోతాయి. కానీ నాన్నగారు లేని మర్నాడు ఎవరి బతుకు మారిపోతుందో చూడండి. మీ ముగ్గురికీ మీ మీ సంసారాలున్నాయి. అమ్మగారికి ఉన్నవి ఆ ఇల్లు, ఆ అద్దె, ఆ డిపాజిట్ల వడ్డీ. అవి ఆవిడ చేతిలో ఉంటాయా, ఆవిడ మరొకరిని అడిగి తీసుకోవలసి వస్తుందా అన్నదే అసలు సమస్య. మీ ప్రశ్నలన్నిటికీ ఆ వైపు నుంచే జవాబు చెబుతాను. అలా చూస్తే చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి కూడా.

నాన్నగారి మాటతోనే మొదలుపెడదాం. నామినీగా అమ్మ పేరు పెట్టడం మంచి పని. ఆయన పోయాక బ్యాంకు ఆ డబ్బును ఆలస్యం చేయకుండా అమ్మగారి చేతికి ఇస్తుంది. నామినీ ఉన్నప్పుడు వారసత్వ ధ్రువపత్రం తెమ్మని పట్టుబట్టకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పటి నుంచో చెబుతోంది. కానీ నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే. ఆ డబ్బు ఎవరిదన్నది వీలునామా ఉంటే అది చెబుతుంది, లేకపోతే వారసత్వ చట్టం చెబుతుంది. షేర్ల విషయంలో కూడా అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు శక్తి యెజ్దానీ కేసులో తేల్చింది. బీమా ఒక్కటి కొంచెం వేరు. 2015 సవరణ తర్వాత పాలసీలో భార్యనో, భర్తనో, పిల్లలనో, తల్లిదండ్రులనో నామినీగా పెడితే, ఆ సొమ్ము మీద లబ్ధి హక్కు కూడా వారిదే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎందరిని పెట్టినా నామినీ హోదా మాత్రం మారదు. ఇక ఇంటికీ పొలానికీ నామినీ అన్న మాటే లేదు. నాన్నగారి ఆస్తిలో ఎక్కువ విలువైనవి ఆ రెండే కాబట్టి, ఆయన “అన్నిటికీ” అన్నప్పుడు ఆ రెండూ అందులో లేవు.

వీలునామా రాయకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను, నాన్నగారికి కూడా ఇదే చూపించండి. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఆయన స్వార్జిత ఆస్తి భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తుంది. అంటే తలా పావు వంతు. అమ్మగారు తను నలభై ఏళ్లు సంసారం చేసిన భర్త కట్టిన ఇంట్లో పావు వంతుకు హక్కుదారు అవుతారు. పురపాలక రికార్డులో ఇంటి ఖాతా మార్చాలన్నా, రేపు ఆస్పత్రి ఖర్చుకు ఆ ఇల్లు అమ్మాలన్నా నలుగురి సంతకాలు కావాలి. వాటిలో ఒకటి అమెరికా నుంచి రావాలి. మీ అన్నయ్య ఎంత మంచివాడైనా, అక్కడి భారత కాన్సులేటుకు వెళ్లి పవరాఫ్ అటార్నీ చేయించి పంపడం, అది ఇక్కడికి చేరాక స్టాంపు వేయించడం, పదంలో ఒక తప్పు దొర్లితే మళ్లీ మొదటికి రావడం, ఇదంతా నెలల తరబడి సాగే పని. ఎవరికీ ఎవరి మీదా కోపం లేని ఇళ్లలోనే ఇంత ఉంటుంది.

మామయ్యగారి సలహాకు వస్తే, దయచేసి ఆ దారి పట్టనివ్వకండి. వీలునామా నాన్నగారు పోయాక అమల్లోకి వస్తుంది. బతికున్నంత కాలం దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చించేయవచ్చు. గిఫ్టు డీడు అలా కాదు. రిజిస్టరై, పుచ్చుకున్నవారు అంగీకరించిన రోజు నుంచే ఇల్లు మీ తమ్ముడిది. ఆ రోజు నుంచి అమ్మానాన్నలు కొడుకు ఇంట్లో ఉంటున్నవారే. మీ తమ్ముడు బంగారంలాంటివాడే కావచ్చు. అతనికి వ్యాపారంలో నష్టమొస్తే అప్పులవాళ్లు ఆ ఇంటి మీదికి వస్తారు. అతనికే ఏదైనా జరిగితే ఆ ఇల్లు అతని వారసులకు పోతుంది. పెద్దవాళ్లకు రక్షణగా 2007 నాటి వయోవృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పోషిస్తారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు పోషించకపోతే ట్రైబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. అయితే ఆ షరతు దస్తావేజులో ఉందా లేదా అన్న దాని మీదే ఎన్నో కేసులు నడిచాయి. డెబ్భై దాటిన మనిషి, పక్షవాతం వచ్చిన చేత్తో, సొంత కొడుకు మీద అర్జీ పెట్టుకునే స్థితి కొనితెచ్చుకోవడం ఎందుకు? తమ్ముడే చూసుకుంటున్నాడు కాబట్టి అతనికి కొంత ఎక్కువ ఇవ్వాలని నాన్నగారికి ఉంటే, అది న్యాయమైన కోరికే. వీలునామాలో ఆ మాట రాసి ఇవ్వవచ్చు. తన స్వార్జితాన్ని ఎవరికి ఎంత ఇవ్వాలన్నది పూర్తిగా ఆయన ఇష్టం. పిల్లలెవరికీ అందులో పుట్టుకతో వచ్చిన హక్కు లేదు, మీకు కూడా.

ఇప్పుడు వీలునామాలో ఏం రాయాలన్నది. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మన దస్తావేజులలో తరతరాలుగా ఒక వాక్యం నడుస్తోంది: “సదరు ఇంటిని నా భార్య తన జీవితకాలం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులు సమానంగా పొందవలెను.” చదవడానికి ఎంతో గౌరవంగా ఉంటుంది. దీని అర్థం మాత్రం, ఆవిడ ఆ ఇంట్లో ఉండవచ్చు, అద్దె తీసుకోవచ్చు, కానీ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు, తన ఇష్టం వచ్చినవారికి రాయలేదు. అదే “నా భార్యకు దాన విక్రయాది సర్వహక్కులతో చెందవలెను” అని రాస్తే ఇల్లు పూర్తిగా ఆవిడదవుతుంది. హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ ఆడవారి ఆస్తిని సంపూర్ణ హక్కుగా గుర్తిస్తుంది. కానీ వీలునామాయే హక్కును పరిమితం చేసి ఇస్తే, ఆ పరిమితి నిలబడవచ్చునని అందులోనే రెండో ఉపవిభాగం ఉంది. దేని కింద ఏది వస్తుందన్న దాని మీద దశాబ్దాలుగా వ్యాజ్యాలు సాగుతూనే ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదం, ఒకచోట సర్వహక్కులు అని రాసి, నాలుగు పంక్తుల కింద “ఆమె తదనంతరం కుమారులకు” అని రాయడం. దస్తావేజు లేఖరులు పాత నమూనాలోంచి రెండు వాక్యాలూ ఎత్తి పెట్టేస్తుంటారు. ఆ రెండు పంక్తులే తర్వాత కొడుకులను, కూతుళ్లను కోర్టు మెట్లెక్కిస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, ఇల్లు అమ్మగారికి సంపూర్ణ హక్కులతో రాయాలి. దానికి ఎదురు వాదన లేకపోలేదు. సర్వహక్కులు చేతికొస్తే, పక్కన ఉన్నవాళ్లు ఒత్తిడి చేసి ఆవిడతో సంతకం పెట్టించుకోవచ్చు. జీవితకాల హక్కయితే ఆ భయం లేదు. అమ్మగారు మెత్తని మనిషి, ఎవరు అడిగినా కాదనలేరు అనుకుంటే, అప్పుడు జీవితకాల హక్కు రాసి, దానితో పాటు డిపాజిట్లన్నీ పూర్తిగా ఆవిడకే ఇవ్వమనండి. ఆస్పత్రి ఖర్చుకు ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. ఆవిడ ఎలాంటివారో నాకంటే మీకు, మీకంటే నాన్నగారికి బాగా తెలుసు. ఏ దారి పట్టినా ఒకే దారి పట్టాలి, రెండూ కలిపి రాయకూడదు. సర్వహక్కులు ఇస్తే వెంటనే అమ్మగారు కూడా తన వీలునామా రాసుకోవాలి. భర్త ఆస్తి తనకు వచ్చాక ఏం చేయాలో అందులో చెప్పవచ్చు. ఇద్దరూ ఒకే రోజు రాసుకోవడం మంచి పద్ధతి.

ఆయన కంటే ముందు అమ్మగారే పోతే ఏం చేయాలో కూడా ఒక వాక్యం ఉండాలి. ఎవరికి రాశారో వారు ముందే పోతే ఆ దానం వ్యర్థమై, ఆస్తి మళ్లీ వారసత్వ చట్టం చేతికి పోతుంది. అలాగే “పైన చెప్పనివి, ఇకపై సంపాదించేవి ఏవి ఉన్నా ఫలానా వారికి” అన్న ఆఖరి వాక్యం కూడా మరవకూడదు. ఎక్కడో మరిచిపోయిన చిన్న డిపాజిట్ కోసం ఒక్క కుటుంబమైనా వారసత్వ ధ్రువపత్రానికి సివిల్ కోర్టు చుట్టూ తిరగకూడదు. ఆ ఒక్క వాక్యం ఆ పని తప్పిస్తుంది.

నాన్నగారి చెయ్యి వణుకుతోందని బెంగపడకండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేవి కొద్దే. రాసినవారు సంతకమో గుర్తో పెట్టాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆయన పెట్టడం చూడాలి, లేదా పెట్టింది తనేనని ఆయన నోట వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుట వాళ్లూ సంతకం చేయాలి. అంతే. వేలిముద్ర చెల్లుతుంది. తెల్లకాగితం చెల్లుతుంది. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. తెలుగులో రాస్తే తెలుగులో చెల్లుతుంది. నాన్నగారు ధారాళంగా చదివేది ఏ భాషో ఆ భాషలోనే రాయించండి. “ఆయనకు చదివి వినిపించాం” అన్న మాట కంటే “ఆయనే చదువుకున్నారు” అన్న మాటకు కోర్టులో బలం ఎక్కువ. బెంగళూరులో రిజిస్టరు చేయించేటప్పుడు, అక్కడి అధికారికి ఆ భాష రాక, అది ఆ జిల్లాలో వాడుక భాష కాదంటే, అనువాదం జత చేయమంటారు. కన్నడంలోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించి ముందే దగ్గర పెట్టుకుంటే సరి.

వణికే సంతకం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది, ఆ రోజు ఆయన పక్కన ఎవరుంటారన్నది. 1958 నవంబరులో సుప్రీంకోర్టు వెంకటాచల అయ్యంగార్ – తిమ్మజమ్మ కేసులో తీర్పు చెప్పింది. మైసూరు రాజ్యంలో పుట్టిన వివాదం అది. ఈ రోజుకీ దేశంలో ఏ వీలునామా కేసు వచ్చినా ఆ తీర్పునే తిరగేస్తారు. సంతకం అనుమానంగా ఉందా, రాసినవారి మనసు నిలకడగా ఉందా, పంపకం అసహజంగా ఉందా, లాభం పొందేవాడే ముందుండి రాయించాడా? ఇలాంటి అనుమానాలుంటే, వాటిని తీర్చవలసిన బాధ్యత వీలునామా తెచ్చినవారిదేనని ఆ తీర్పు చెప్పింది. అందుకని లాయరు దగ్గరికి నాన్నగారిని మీరూ తీసుకెళ్లకండి, మీ తమ్ముడూ తీసుకెళ్లకూడదు. ఆయన పాత సహోద్యోగి ఎవరైనా తోడు వెళ్తే మేలు. గదిలో లాయరు, నాన్నగారు ఇద్దరే మాట్లాడుకోవాలి. ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టరు చేత, సంతకం పెట్టిన రోజునే, మతి స్థిమితంగా ఉందని రెండు వాక్యాలు రాయించండి. ఆ డాక్టరే ఒక సాక్షిగా సంతకం చేయడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. సాక్షులిద్దరూ నాన్నగారి కంటే చిన్నవారై, ఇక్కడే ఉండేవారై, ఆస్తిలో ఏమీ అందుకోనివారై ఉండాలి. వీలునామా రుజువు చేయాల్సి వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాలి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 67వ సెక్షన్ కూడా, పాత సాక్ష్య చట్టంలాగే, ఇదే అడుగుతుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే చెబుతాను. రిజిస్టరయినంత మాత్రాన వీలునామా నిజమైపోదు, సాక్షి అవసరం తీరిపోదు. కానీ కాగితం పోయిందన్న, దాచేశారన్న, తేదీ మార్చారన్న మాటలు ఆగిపోతాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు ఏ వయసులోనైనా, ఎప్పుడైనా వెళ్లవచ్చు. కదలలేని స్థితి వస్తే అధికారి ఇంటికి వచ్చి చేసే వీలు చట్టంలోనే ఉంది. నాన్నగారు బతికి ఉండగా నకలు ఆయన అడిగితేనే ఇస్తారు. మరదలు చూస్తుందేమో, అన్నయ్యకు తెలుస్తుందేమో అన్న భయం అక్కర్లేదు.

ప్రొబేట్ గురించి మీరు విన్నది చెన్నై బంధువులు చెప్పిన మాట అయి ఉంటుంది. హిందువుల వీలునామాలకు తప్పనిసరి ప్రొబేట్ అన్న నిబంధన మద్రాసు, బొంబాయి, కలకత్తా అనే పాత హైకోర్టు నగరాల కోసం పుట్టింది, 2025 డిసెంబరులో దాన్నీ తీసేశారు. బెంగళూరులో రాసి, బెంగళూరులోని ఆస్తికో హిందూపురం పొలానికో సంబంధించిన వీలునామాకు అది ఎన్నడూ వర్తించలేదు. ఖాతా మార్పిడికి మరణ ధ్రువపత్రం, వీలునామా, వంశవృక్షం పట్టుకుని వెళ్తారు. తోబుట్టువుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కూడా అడగడం మామూలే. అక్కడ ఎవరైనా అడ్డు చెబితేనో, వీలునామాను ఎవరైనా సవాలు చేస్తేనో కోర్టు అవసరం పడుతుంది.

ఇక పొలం. మీరు అడిగింది “తాతగారి పొలంలో నాకు హక్కుందా” అని. ఈ ప్రశ్న వెనుక ఒక నమ్మకం ఉంది, తాతగారి నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే, అందులో మనుమలకు పుట్టుకతో వాటా ఉంటుందని. మీ విషయంలో అది నిజం కాదు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడు 1986 నాటి చట్టంతో వచ్చింది, కర్ణాటకలో 1994లో వచ్చింది, దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇవన్నీ ఉమ్మడి కుటుంబపు ఆస్తి మాట. మీ తాతయ్య ఆ పొలం తన డబ్బుతో కొన్నారు, వీలునామా లేకుండా 1987లో పోయారు. అలాంటప్పుడు 1956 చట్టం ప్రకారం కొడుకుకు వచ్చిన వాటా ఆ కొడుకు సొంత ఆస్తే అవుతుంది. 1986లో చందర్ సేన్ కేసు ఈ సంగతి తేల్చింది. కాబట్టి నాన్నగారు బతికి ఉండగా ఆ పొలంలో మీకు గాని, మీ అన్నదమ్ములకు గాని హక్కు లేదు. ఆయన తన వాటాను ఎవరికైనా రాయవచ్చు.

“తన వాటా” అన్నాను, గమనించండి. 1987లో తాతయ్యకు వారసులు నలుగురు: నాయనమ్మ, నాన్నగారు, మేనత్తలిద్దరు. ఒక్కొక్కరికి ఒక ఎకరం. 1996లో నాయనమ్మ పోయాక, ఆవిడ కూడా ఏమీ రాయకపోయి ఉంటే, ఆవిడ ఎకరం ముగ్గురు పిల్లలకు సమానంగా వచ్చింది. అంటే ఈ రోజు నాలుగెకరాల్లో నాన్నగారిది మూడో వంతు, సుమారుగా ఎకరం ముప్పైమూడు సెంట్లు. మిగిలినది మీ మేనత్తలది. “పెళ్లిళ్లయి వెళ్లిపోయారు” అని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. పెళ్లయి వెళ్లిపోతే వాటా పోదన్నదే కదా మీరు మీ గురించి నన్ను అడుగుతున్నది.

పాసు పుస్తకం నాన్నగారి పేర ఉండవచ్చు, శిస్తు ఆయనే కట్టి ఉండవచ్చు, బోరు ఆయనే వేయించి ఉండవచ్చు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కడం యాజమాన్యం కాదు. ఒక వారసుడు సాగు చేసుకున్నంత మాత్రాన మిగిలినవారి హక్కు చచ్చిపోదు. ఒకవేళ అప్పట్లోనే మేనత్తలు తమ హక్కును వదులుకుంటూ రిజిస్టరు పత్రం రాసి ఇచ్చి ఉంటే సమస్యే లేదు. హిందూపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయిస్తే తెలిసిపోతుంది. అలాంటి పత్రం లేకపోతే, నాన్నగారు నాలుగెకరాలూ తనవేనని వీలునామాలో రాయడం పెద్ద పొరపాటు. తనది కానిది రాస్తే ఆ మేరకు వీలునామా చెల్లదు. పైగా మేనత్తల పిల్లలు వివాదంలోకి వచ్చి మొత్తం పత్రాన్నే ప్రశ్నిస్తారు. ఆయన వెళ్లి చెల్లెళ్లతో మాట్లాడాలి. వాళ్లు ప్రేమతో వదులుకుంటే రిజిస్టరు హక్కు విడుదల పత్రం రాయించుకోవాలి. వాళ్లకు ఇవ్వాల్సింది ఇస్తే ఇంకా మంచిది. వయసు మళ్లిన ముగ్గురు తోబుట్టువులూ ఉండగానే ఇది తేలాలి. వాళ్ల తర్వాత ఇదే పొలానికి ఎనిమిదిమందో పదిమందో వారసులవుతారు, వాళ్లలో సగం మందికి ఆ ఊరు ఎటుందో కూడా తెలియదు.

మీ అన్నయ్య అమెరికా పౌరుడు కాబట్టి ఒక జాగ్రత్త. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు, గిఫ్టుగానూ తీసుకోలేరు, కానీ వారసత్వంగా పొందవచ్చు. అతనికి పొలంలో ఏదైనా ఇవ్వాలంటే వీలునామాయే సరైన దారి.

వీలునామా అమలు జరిపే బాధ్యత ఎవరికి అప్పగించాలి? బెంగళూరులోనే ఉండేవారికి. ఎగ్జిక్యూటర్‌గా మిమ్మల్ని పెట్టినా తప్పులేదు, ఆస్తిలో వాటా ఉన్నవారు ఆ పని చేయకూడదన్న నియమం లేదు. మరదలి మనసులో అనుమానం ఉందంటున్నారు గనుక, మీరూ తమ్ముడూ కలిసి ఉంటే మంచిదనిపిస్తుంది. పని మాత్రం తక్కువేమీ కాదు. మరణ ధ్రువపత్రం నకళ్లు ఎక్కువగా తీసుకోవడం, అప్పులు, ఆస్పత్రి బిల్లులు తీర్చడం, ఆయన చివరి ఏడాది ఆదాయపు పన్ను రిటర్ను వారసుల తరఫున వేయడం, కుటుంబ పింఛను, బ్యాంకులు, షేర్లు, ఖాతా, కరెంటు కనెక్షను, ఆ తర్వాతే పంపకం. ఆయన అప్పులకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత జేబులోంచి కట్టనక్కరలేదు. ఎస్టేట్ డ్యూటీ అనే వారసత్వపు పన్ను 1985లోనే పోయింది.

మాట ఎలా ఎత్తాలని అడిగారు. మీ నాన్నగారి వీలునామాతో ఎత్తకండి, మీదానితో ఎత్తండి. మీకూ మీ భర్తకూ ఫ్లాటు గాని, పొదుపు గాని, చిన్న పాప గాని ఉన్నప్పుడు, మీ ఇద్దరికీ వీలునామా అవసరం వచ్చేసింది. మీ భర్త ఏమీ రాయకుండా పోతే, ఆయన వాటా మీకు, పాపకు, మీ అత్తగారికి సమానంగా వస్తుందని మీకు తెలుసా? తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అది మీకు ఇష్టమే అయితే సరే, కాకపోతే రాసుకోవాలి. ముందు ఆ పని చేసుకోండి. చేసుకున్నాక ఒక ఆదివారం ఇంటికి వెళ్లి, అందరూ ఉన్నప్పుడు, మరదలు కూడా ఉన్నప్పుడు, “మేం రాసుకున్నాం నాన్నా” అని చెప్పండి. తర్వాత ఆయనను ఒకటే అడగండి: “మీ తర్వాత అమ్మ ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఉండాలంటే ఏం చేయాలి?” వాటాల మాట అసలు ఎత్తవద్దు. నాకేం వద్దు అనీ అనకండి. అది అబద్ధమైతే రేపు మీకే అడ్డు వస్తుంది, నిజమైతే ఎవరూ నమ్మరు. ఆయన పక్కకు తిరిగి కూర్చుంటే ఆ రోజుకు వదిలేయండి. నామినీ సంగతి, పావు వంతు లెక్క ఒక కాగితం మీద తెలుగులో రాసి, ఆయన రోజూ పేపరు చదివే చోట పెట్టి రండి. ఇంటి పత్రాలు, పాలసీ, లాకరు తాళం ఎక్కడున్నాయో అమ్మగారికి తెలుసా అని మాత్రం అదే రోజు కనుక్కోండి. ఆ మాటకు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

లాయరును ఎంచుకునేటప్పుడు ఆస్తి, వారసత్వ కేసులు చూసే సివిల్ లాయరును ఎంచుకోండి. ఫీజు ముందే అడగండి, ముసాయిదా ఇంటికి ఇచ్చి చదువుకోనివ్వాలని అడగండి. మేనత్తలతో ఎక్కడైనా మాట పట్టింపు వస్తే, కోర్టుకు పోకముందే హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగులలో మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది, అక్కడ విచారించండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. మీకైనా, మేనత్తలకైనా అది వర్తిస్తుంది. న్యాయ సేవల సహాయ నంబరు 15100.

ముందుగా చేయాల్సింది, ఆ పొలం తాలూకు పాత కొనుగోలు దస్తావేజు, 1987 నుంచి ఇప్పటిదాకా ఈసీ తీయించడం. తాతయ్య పేర రిజిస్టరైన పత్రంలో డబ్బు ఎక్కడిదని రాశారో చూడండి. అంతకు ముందు ఉమ్మడి పొలం అమ్మి ఆ సొమ్ముతో దీన్ని కొన్నారని అందులో ఉంటే, పైన పొలం గురించి నేను చెప్పిన లెక్క మారుతుంది. అలా కనిపిస్తే ఆ నకలు జత చేసి మళ్లీ రాయండి.